మోడం కోసం ఆగిన ఇంజను

మా సారు పోయారన్న కబురు నాకు అనంతపురం డిపోలో, ఒక బస్సు కింద పడుకుని ఉండగా వచ్చింది. క్లచ్ ప్లేటు విప్పుతున్నాను. తోటి మెకానిక్ వంగి, "అక్కా, మీ సారు తెల్లారి పోయినాడంట. వాళ్ళ ఊరు యాడికి నుంచి ఫోన్ చేసినారు" అన్నాడు. మధ్యాహ్నానికల్లా అందరి ఫోన్లలో ఒక వార్త తిరిగింది. "విమానం పిచ్చి మాస్టారు ఇక లేరు" అని పెద్ద అక్షరాలు. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆ మంట చల్లారకుండానే ఇది రాస్తున్నాను, మన్నించండి.

పిచ్చి అట! అంత నిదానమైన మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరిన మొదటి ఆడపిల్లను నేను. మొదటి రోజు ఆఫీసులో ఒకాయన నన్ను కుట్టుమిషన్ల గదికి దారి చూపించాడు. మా ట్రేడుకు పాఠం చెప్పే సారు వచ్చి నా చేతిలో స్పానరు పెట్టి, "దీనికి మొగోళ్ళు ఆడోళ్ళు అని తెలీదు పాపా. గట్టిగా పట్టుకో" అన్నారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే.

రిటైరయ్యాక ఆయన యాడికి అవతల తన మెట్ట చేలో రేకుల షెడ్డు వేసుకుని విమానం కట్టడం మొదలుపెట్టారు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. దానికి ఇంజను బెంగళూరు పాత సామాన్ల బజారులో దొరికింది. డివైడరుకు గుద్దుకున్న ఏదో విదేశీ కారుది. అందులో పిస్టన్లు ఉండవు. మూడు మూలల ఇనుప దిమ్మలు లోపల గిర్రున తిరుగుతుంటాయి, అంతే. చుట్టుపక్కల రైతులు చూడ్డానికి వస్తే సారు ఒక వేరుశనగ కాయను నిలువునా ఒలిచి, ఆ సగం డిప్పను చూపించేవారు. "లోపల గది ఇట్లే ఉంటాది, నడుము దగ్గర సన్నంగా. దీంట్లో దిమ్మ తిరుగుతాది." అప్పట్నుంచి ఊళ్ళో దాని పేరు శెనక్కాయ ఇంజను అయిపోయింది.

కారు ఇంజను విమానానికి ఎందుకు సార్ అని నేను పోట్లాడాను. ఆయన నవ్వి, "మామూలు ఇంజను అలిగితే ఉన్నట్టుండి నిలబడిపోతాది. ఇది సణుగుతా సణుగుతా అయినా ఇంటికి చేరుస్తాది. పైన పోయేటోనికి అంతకన్నా ఏం గావల్ల?" అన్నారు. దాని చెడ్డగుణాలూ ఆయనే ముందు చెప్పారు. విపరీతమైన వేడి, చెవులు చిల్లులు పడే మోత. నేను తెచ్చిచ్చిన పాత బస్సు సైలెన్సరు ఒక్క పూటలో మాడిపోయింది. మా ఎండలకు మామూలు రేడియేటరు చాలదని, పాత కార్ల ఏసీల్లోని అల్యూమినియం జాలీలు తెచ్చి రేడియేటర్లుగా మార్చుకున్నారు. ఇంజను ఆపిన ప్రతిసారీ దాని పక్కన నిలబడి, అరచెయ్యి ఆనించగలిగేంత చల్లబడేదాకా షెడ్డు వదిలేవారు కాదు.

బోల్టు బిగించడంలోనూ ఆయనకో పద్ధతి ఉండేది. బిగించిన ప్రతి బోల్టు మీద, అది కూర్చున్న రేకు మీద కలిపి ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత గీసేవారు. బోల్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగి కనబడుతుంది. ఆ గోళ్ళరంగు సీసా అమ్మది, అంటే ఆయన భార్యది. "నాకని తెచ్చుకుంటే ఒక్కసారి మిగిలిచ్చిందిల్యా ఈయప్ప. నా గోళ్ళకంటే ఆ బోల్టులకే సింగారమెక్కువ" అని అమ్మ నాతో దెప్పేది. దెప్పుతూనే ఇంకో సీసా కొనేది.

ఇంకో పట్టుదల ఉండేది. నేలమీద కట్టేసి ఇంజనును వంద గంటలు తిప్పాలి. గంట గంటకూ వేడి ఎంత, నూనె ఎంత అని నోటుబుక్కులో రాయాలి. అప్పుడే ఎగిరే అనుమతికి కాగితాలు పెట్టాలి. అది రాకుండా చక్రం నేల విడవకూడదు. విమానం తోకను నేలలో పాతిన రెండు రాతి కూసాలకు గొలుసుతో బిగించి తిప్పేవారు. తొంభై ఏడు గంటలు పూర్తయ్యాయి. నోటుబుక్కు చూసిన ఎవరైనా పిచ్చి అన్న మాట నోట రానిస్తారా?

అప్పుడు వచ్చారు ఊరి జనం. మబ్బు కమ్ముకోవడాన్ని మా వైపు మోడం అంటారు. ఆ ఏడు మోడం వస్తోంది, చినుకు రాల్చకుండా పోతోంది. పక్క చేని పెద్దాయన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని అన్నాడు. "సారూ, మీ ఇంజను మోత మొదులైతానే మోడం చెదిరిపోతాండాది. ఇత్తనం ఇంట్లోనే ఉండాది. ఇత్తనమేసేకి ఒక్క పదునుకు పడేదాంక ఆపు సారూ." వాళ్ళ ముందు నిలబడి అందరికంటే గట్టిగా అరిచింది ఊరి నాయకుడొకడు.

సారు వాదించలేదు. "పదును వాన పడేదాంక తాళం తియ్యను. పోండి నాయనా" అన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. "ఊరితో ఎందుకు సార్, ఒక్క నెలే కదా" అన్నాను. ఇప్పటి నా కోపంలో కొంత నా మీదే.

నెల కాదు, రెండేళ్ళు! ఇంజను నోరు మూసుకునే ఉంది. వాన పడిందా? దుమ్ము తడిసేంత పడింది, పదునుకు పడలేదు. ఒక్కరైనా వచ్చి, "సారూ, మాదే తప్పు, తిప్పుకో" అన్నారా? ఆయనకు గుండె జబ్బు ముదిరాక నేను ఉండబట్టలేక అడిగాను, వాళ్ళను పిలిచి నాలుగు మాటలు అనరెందుకని. మంచం మీద నుంచే అన్నారు. "ఆకాశం తట్టు చూసీ చూసీ కండ్లు కాయలు కాసినోళ్ళు పాపా. దేన్నో ఒకదాన్ని అనల్ల గదా. నన్నంటే నష్టమేముంది?"

నష్టమేముందా? మూడు గంటలు సార్. మీకు కావలసింది మూడంటే మూడు గంటలు.

దహనం అయిన మూడో రోజు ఆ నాయకుడే ఫ్లెక్సీ కట్టించాడు. "ఆకాశాన్ని జయించిన మన ఊరి బిడ్డ" అట. విమానాన్ని క్రేనుతో ఎత్తించి సర్కిల్లో స్తంభం మీద నిలబెడతాడట. ఇంజను బరువు కాబట్టి తీసేస్తాడట! నేను ఊరుకోలేకపోయాను. "ఆయన ఎగరలేదన్నా. మీరు ఆపమంటే ఆగినాడు. ఆ మాట రాయి నీ ఫ్లెక్సీ మీద" అన్నాను. "ఏమ్మా, గౌరవం చేస్తామంటే కోపమేంది?" అన్నాడు. అమ్మ గడపలోంచే, "బోల్టు మీద చెయ్యేస్తే చెయ్యుండదు" అంది. అతను మళ్ళీ రాలేదు.

పెద్దకర్మ మర్నాడు పొద్దున్నే ఆకాశం మూసుకుంది. మంచి మోడం. అమ్మ షెడ్డు తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తటపటాయించాను. "మాటిచ్చింది ఆయన. నేను గాదు. తిప్పు" అంది.

కొత్త పెట్రోలు పోసి, నూనె మార్చి, నేను తెచ్చిన బ్యాటరీ తగిలించాను. నాలుగో ప్రయత్నానికి అంటుకుంది. ఆ మోతకు చేలల్లో ఉన్నవాళ్ళంతా వచ్చారు, అందరికంటే ముందు పక్క చేని పెద్దాయన. నోటికొచ్చినట్టు తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన పైకి చూశాడు, ఇంజను కేసి చూశాడు, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని బండమీద కూర్చున్నాడు. మూడు గంటలూ అక్కడే కూర్చున్నాడు. వేడి, నూనె అన్నీ నోటుబుక్కులో రాశాను. ఆ కాగితాలు నేనే పంపుతాను.

ఇంజను ఆపేసరికి మోడం తూర్పుకు జారుకుంది. చినుకు లేదు. "నిన్న ఇంజను తిరగల్యా, నిన్నా ఇట్లే పోయె" అన్నాడు పెద్దాయన, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. ఆ మాట రెండేళ్ళ కిందట అనుంటే బాగుండేది. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక కూడా నాకు కోపం పోలేదు.

బోల్టులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. ఒక్క ఎర్రగీతా తెగలేదు. అమ్మ నా వెనకే వచ్చింది. ముందు రోజు ఆమె గాజులు తీయించిన బంధువుల ఆడవాళ్ళు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అమ్మ సారు పనిముట్ల పెట్టెలోంచి గోళ్ళరంగు సీసా తీసి కుదిపింది. అడుగున కాస్త మిగిలి ఉంది. ఇంకా సెగలు కక్కుతున్న ఇంజను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఎడమచేతి చిటికెన వేలు గోటికి నిదానంగా ఎర్రరంగు వేసుకుంది. గుమ్మంలోంచి ఎవరో "అక్కా..." అని ఆగిపోయారు. అమ్మ తలెత్తలేదు. వేలు ముందుకు చాచి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చుంది.