ఏ మాత్రో నేనే చెప్పాలట

చింతామణి, బాగేపల్లి మధ్య తిరిగే బస్సులో నేను కండక్టర్‌ని. వేళ్ళు పట్టేయడం మొదలైనప్పుడు రోజంతా టికెట్ మిషన్ పట్టుకోవడం వల్లేననుకున్నాను. పొద్దున లేస్తే పిడికిలి మూసుకునేది కాదు. జడ కూడా మా అమ్మాయి చేత వేయించుకునేదాన్ని. ఎండ ఎక్కేసరికి కాస్త సర్దుకునేది కాబట్టి చాన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మిషన్ చేతిలోంచి జారి, సీట్లో కూర్చున్న ముసలాయన ఒళ్ళో పడింది.

“కాసేపు కూచోమ్మా, ఈ బస్సు యాడికీ పోదులే,” అన్నాడాయన. నిజంగానే కూర్చుండిపోయాను.

చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మ రక్తపరీక్షలు చూసి, ఇది కీళ్ళవాతమనీ, ఇంకా మొదట్లోనే ఉందనీ చెప్పింది. వారానికి ఒక్కరోజే వేసుకునే మాత్ర ఒకటుందట.

“అది ఏసుకునేటప్పుడు గర్భం రాకూడదమ్మా, బిడ్డకు ప్రమాదం. లివర్ ఎట్లుండాదో అప్పుడప్పుడు రక్తపరీక్ష చేపిచ్చుకోవల్ల.”

మేము రెండో బిడ్డ కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఆ సంగతి చెప్పాను.

“గర్భానికి ఇబ్బంది లేని మాత్ర ఇంగొకటుండాది. నీకుండే వాపుకు అది సాలుతుందని చెప్పలేను. ఒకసారి కీలు చెడితే మళ్ళీ ముందు మాదిరి కాదు. నీకేది ముఖ్యమో నువ్వే చెప్పల్ల,” అంది.

మంచిగానే చెప్పింది. అయినా ఆవిడ మీద విసుగొచ్చింది. ఏదో ఒకటి రాసిచ్చి పంపేస్తే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం టమాటా తోటలో మా ఆయనకు అంతా చెప్పాను.

“నువ్వెట్లంటే అట్లే,” అన్నాడు.

“అందురూ నన్నే చెప్పమంటాండారు. నీకేం కావల్లో నువ్వు చెప్పప్పా!”

అతను నీళ్ళు కట్టడం ఆపి గట్టు మీద కూర్చున్నాడు. “నాకు బిడ్డ కావల్లనే ఉండాది. అబద్ధమెందుకు చెప్పేది? నీ చేయి పూర్తిగా పోతే ఎట్లని భయమూ ఉండాది. అందుకే గమ్మునుండా.”

ఆ మాట విన్నాక కాస్త ఊపిరాడింది. భయపడుతున్నది నేనొక్కదాన్నే కాదు.

ముందు గర్భానికి ఇబ్బంది లేని మాత్రే మొదలుపెట్టాను. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉండి, తర్వాత కుడి మణికట్టు వాచింది. గర్భమూ రాలేదు. నెలనెలా రెండు విధాలా నిరాశే. చివరికి డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఇక వారం మాత్రే రాయమన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. గర్భం రాకుండా ఏం చేయాలో చెప్పి, చీటీ రాసింది.

ఇప్పుడు శనివారం రాత్రి ఆ మాత్ర వేసుకుంటాను. ఆదివారం సెలవు పెట్టుకున్నాను. ఆ రోజంతా కడుపులో తిప్పుతుంది, అన్నం వాసన పడదు. సోమవారానికి డ్యూటీ చేయగలుగుతాను. వేళ్ళ వాపు తగ్గింది. మణికట్టు మాత్రం పూర్తిగా తిరగదు. మొదటే ఈ మాత్ర వేసుకుని ఉంటే తిరిగేదేమో. గర్భం వచ్చి ఉంటే ఈ లెక్క ఇంకోలా ఉండేదేమో. ఆలోచించే ఓపిక ఉన్నప్పుడు ఆలోచిస్తాను.

జబ్బు అదుపులో ఉంటే కొన్ని నెలలు మాత్ర ఆపి మళ్ళీ ప్రయత్నించవచ్చని మొన్న డాక్టరమ్మ అంది. బస్టాండుకు నడుస్తుంటే మా ఆయన మెల్లగా అడిగాడు.

“ఏమ్మే, ఆపి చూస్తామా?”

“ఈ ఏడు వద్దప్పా. కొన్నాళ్ళు నొప్పి లేకుండా ఉండనీ.”

“సరే,” అని నా చేతిలోని సంచి తీసుకున్నాడు.