ఏడు కుర్సీలు, ఒక గొర్ల దొడ్డి

పోలీసు చర్య ముగిసి, మిల్ట్రీ లారీలు నార్కట్‌పల్లి రోడ్డు దుమ్మంతా మా ఊరి మీద పోసి వెళ్ళిపోయాక, తాలూకా ఆఫీసరు మాకో కమిటీ పెట్టాడు. ఊరికి దవాఖాన కట్టాలి, దానికి జాగా కొనాలి, ఖర్చు తేల్చాలి. ఆరుగురం సభ్యులం. కిరాణం షావుకారు అధ్యక్షుడు. గొర్ల కాపరుల ఇళ్ళలో నాలుగక్షరాలు వచ్చింది నాకొక్కడికే కాబట్టి తీర్మానాలు రాసే పని నాది. నాలుగంటే సరిగ్గా నాలుగేనని మా అవ్వ అందరికీ చెప్పేది.

కమిటీ చేసిన మొదటి ఘనకార్యం కుర్సీలు కొనడం. నల్లగొండ నుంచి ఏడు టేకు కుర్సీలు బండి మీద దిగాయి. వాటిని చూడటానికి వచ్చిన జనానికి ఊరు చాలక, సగం మంది పక్క ఊళ్ళో నిలబడి చూశారు. ఆరు మాకు, ఏడోది దొరకు. దొర కమిటీలో లేడు. దొరల మీద జనం తిరగబడ్డ సంఘం రోజుల్లో, కోటలాంటి తన గడీకి తాళం వేసి పట్నం పారిపోయి, మిల్ట్రీ వెనకే తిరిగొచ్చిన మనిషి. అయినా ఆయన లేనిదే సమావేశం మొదలయ్యేది కాదు.

దొర ముందు కూర్చోవడమన్నది మా తాతముత్తాతలు ఎరగరు. కాబట్టి దొర కూర్చునేవాడు. మేం ఆరుగురం ఎవరి కుర్సీ వెనక వాళ్ళం దాని వీపు పట్టుకుని నిలబడేవాళ్ళం. దొర ఒకసారి గొంతు సవరించుకున్నాడంటే, పొద్దున నున్నగా గీయించుకుని వచ్చినవాడికి ఆయన ఆపేసరికి గడ్డం బొడ్డు దాకా దిగేది. పిక్కలు రాళ్ళయ్యాక ఆయన దేనికి తలూపమంటే దానికి తలూపి బయటపడేవాళ్ళం. కూలిన గడీ గోడ రాళ్ళను దవాఖాన పునాదికని అట్లాగే కొన్నాం. నల్లగొండ జిల్లాలో డబ్బిచ్చి రాళ్ళు కొన్న మొట్టమొదటి మనుషులం మేమే.

తర్వాత జాగా వంతు వచ్చింది. దొర అమ్ముతానన్నది మా గొర్ల దొడ్డిని.

పండగకు పొట్టేలును ఊరికే ఇవ్వనన్నాడని మా తాత దగ్గర దొర లాక్కున్న జాగా అది. సంఘం వాళ్ళు తిరిగి ఇప్పించారు. అవ్వ తన చేతులతో చుట్టూ తుమ్మకంప కట్టుకుంది. మాకున్నది ఆ ఒక్క చెక్కే. తిరిగొచ్చిన దొర అది మళ్ళీ తనదేనంటున్నాడు. దానికి దొర చెప్పిన ధర పెడితే గోలకొండ కోట కొని, మిగిలిన చిల్లరతో చార్మినార్‌కు సున్నం వేయించవచ్చు.

సమావేశం నాటి పొద్దున అవ్వకు సంగతి చెప్పాను.

"నువ్వేమంటవ్ బిడ్డా?" అంది.

"నిలవడి ఏమంట అవ్వా? జరసేపైతే కాళ్ళు గుంజుతయ్. అందరు సరే అంటరు, నేను రాస్త."

"మరి కూసోరాదు?"

ఇంత చిన్న సంగతి మా ఆరు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

దొర ధర చెప్తుండగా అవ్వ కర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చింది. ఆమెకన్నా ముందు గొర్రెల వాసన వచ్చింది. నేరుగా నా కుర్సీలో కూర్చుంది. ఆ కిర్రుమన్న చప్పుడుకు పోచంపల్లిలో మగ్గాలు ఆగిపోయి ఉంటాయి.

"ఏందే ముసలీ, గా కుర్సీ ఎవలదనుకున్నవ్?" అన్నాడు దొర.

"మా మనుమనిది దొరా. ఆడు నిలవడ్డడు గద. ఊరంత పైసలేసి తెచ్చిన కుర్సీ ఖాళీగ ఎందుకని కూసున్న."

"లెవ్వు."

"మోకాళ్ళు లెవ్వనియ్యయ్ దొరా. ఒక్కపారి కూసున్ననంటే గంతే." తర్వాత షావుకారు వైపు తిరిగింది. "నువ్వు గూడ కూసో షావుకారీ. నీయేమన్న ఇనుప కాళ్ళా?"

షావుకారు మూడు విడతల్లో కూర్చున్నాడు. మొదట వంగాడు, తర్వాత కళ్ళు మూసుకున్నాడు, ఆ తర్వాత దిగబడ్డాడు. పైకప్పు కూలలేదు. అది చూసి మిగతా నలుగురూ కూర్చున్నారు. నా కుర్సీ అవ్వ కింద ఉంది కాబట్టి నేను రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని నేల మీద చతికిలబడ్డాను.

కాళ్ళ నొప్పి తగ్గగానే మాకు తలలు కూడా ఉన్నాయని గుర్తొచ్చింది.

"దొరా, గా జాగ పట్టా కాయితం జర సూపిస్తరా?" అన్నాడు షావుకారు.

"నా మాట సాలదా?"

"మాకు సాలుతది దొరా. తాలూకా ఆఫీసరుకే సాలదు."

దొర మాట్లాడాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది, ఇంకా మాట్లాడాడు. మేం హాయిగా వెనక్కి వాలి విన్నాం. ఆఖరికి ఆయనే లేచాడు. దొర లేస్తే లేవడం ఒంట్లో ఇంకిపోయిన అలవాటు కదా, అందరం సగం లేచాం. అవ్వ కర్రతో నేల మీద ఒక్కటిచ్చింది.

"కూసోండ్రి."

కూర్చున్నాం. పట్టా తెస్తానని వెళ్ళాడు దొర. ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఆ కాయితం ఇంకా దారిలోనే ఉంది.

"దవాఖాన వద్దన్ననా నేను?" అంది అవ్వ, ఆయన వెళ్ళాక. "తూర్పు అంచుకు కట్టుకోండ్రి. అమ్మను గని ఇస్త. ఒచ్చినోళ్ళు కూసోను బెంచీలెయ్యాలె. ఎంత పెద్దోడొచ్చినా రోగమున్నోడు లెవ్వొద్దు. రాయి బిడ్డా."

రాశాను. దొడ్డి మాకు దక్కింది, దవాఖాన లేచింది. పునాదికి పోగా మిగిలిన గడీ రాళ్ళతో అవ్వ తుమ్మకంప తీసేసి గోడ పెట్టించింది. ఎండ తగ్గాక మా గొర్రెలు ఆ రాళ్ళకే ఒళ్ళు రుద్దుకునేవి.