సర్టిఫికెట్ కింద నిలబడ్డ మనిషి

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో జనార్దన్ సేటు మందుల దుకాణం ఉండేది. గోడకు అద్దం కట్టిన ఫార్మసిస్టు సర్టిఫికెట్, దాని కిందే ఆ సర్టిఫికెట్ తాలూకు మనిషి సుగుణమణి. ఇందులో వింతేముందనేవాళ్లకు ఆ రోజుల సంగతి తెలియదు. తొంభైల్లో చాలా దుకాణాల్లో సర్టిఫికెట్ గోడ మీద ఉండేది, మనిషి ఏ నిజామాబాదులోనో వేరే పని చూసుకుంటూ నెలనెలా కిరాయి తీసుకునేవాడు. సుగుణమణినీ అడిగారు. ఇంట్లో కూర్చోబెట్టి కిరాయి ఇస్తామన్నారు.

"నా పేరున్న కాడ నేనుంట. నేను లేని కాడ నా పేరెందుకు?" అని పంపేసింది.

పని ఆమె మెదక్ మిషన్ దవాఖానలో నేర్చుకుంది. మాత్రల పట్టీ కత్తిరిస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న కొస దుకాణంలోనే మిగలాలి. షుగరు మందూ గుండె మందూ ఒకే సంచిలో వేస్తే ఒకదానికి రబ్బరు బ్యాండు చుట్టేది, చదువురాని ముసలమ్మ చేత్తో తడిమి గుర్తుపట్టేటట్టు. డాక్టరు రాసిన కంపెనీ మందు లేకపోతే డాక్టరుకే ఫోను చేసి, ఆయన ఒప్పుకుంటేనే అదే మందు వేరే కంపెనీది ఇచ్చేది. ఆ మాట చీటీ వెనక రాసి సంతకం పెట్టేది. చీటీ ముందువైపు డాక్టరుది, అక్కడ మనం గీత కూడా గీయకూడదన్నది మిషన్ దవాఖానలో ముసలి కాంపౌండరు మొదట నేర్పిన పాఠం.

రెండు వేల సంవత్సరం దాటాక బీమా కంపెనీల కార్డులు వచ్చాయి. లక్డీకాపూల్ ఆఫీసుల ఉద్యోగులు కార్డు చూపించి మందులు తీసుకుపోయేవారు. చీటీ దుకాణంలో ఉండేది, దాని జెరాక్స్ కంపెనీకి పోయేది, కంపెనీ సేటుకు డబ్బు పంపేది.

"రెండు దిక్కుల తీయాలె సేటూ, వెనక గూడ రాస్తున్న గద," అంది సుగుణమణి ఒకసారి.

"వెనక ఎవడు సూస్తడు సుగుణమ్మా? ఉత్తగ కాయితం దండుగ," అన్నాడు జనార్దన్.

ఒక సాయంత్రం, గిరాకీతో ఊపిరాడని వేళ, బీమా కంపెనీ తరఫున భూపాల్ అనే ఆడిటరు వచ్చాడు. వస్తున్నట్టు ముందు చెప్పింది లేదు. కౌంటరు మీది మందుల డబ్బాలు పక్కకు నెట్టి జెరాక్సులు పరిచాడు. డాక్టరు రాసిందొకటీ బిల్లులో ఉన్నదొకటీ అయినవన్నీ వేరు చేశాడు. సుగుణమణి అసలు చీటీలు తెచ్చి ఒక్కొక్కటే తిప్పి చూపింది.

"మా దగ్గర ముందు దిక్కే ఉంది మేడం. వెనకది మీరు నిన్న రాసుకున్నరో, ఇయ్యాల రాసుకున్నరో నాకేం తెలుసు?"

"డాక్టరుకు ఫోన్ చేసి అడుగున్రి."

"గది మా పని కాదు. కాయితం కాయితం కలవాలె, గంతే."

"నువ్వు ఫార్మసీ చదివినవా తమ్మీ?"

"బీకాం," అన్నాడు భూపాల్, ఏమాత్రం తడబడకుండా.

ఏరింది కొన్ని చీటీలే. అయినా అదే లెక్కన ఏడాది మొత్తంలో ఇంత మోసం ఉంటుందని కట్టి, కంపెనీ సేటుకు రావలసిన దాంట్లోంచి కోసుకుంది. కాంట్రాక్టు మిగలాలంటే తప్పెవరిదో రాసివ్వమంది.

"నీదేనని ఒక్క ముక్క రాయి సుగుణమ్మా. నీ జీతం ముట్ట."

"చెయ్యని తప్పు ఎట్ల రాస్త? ఒక్క దిక్కు తీయమన్నదెవరు సేటూ?"

"అబ్బో, చర్చిల ప్రసంగం ఈడ గూడ మొదలువెట్టినవా!"

ఎవరికి చెప్పుకోవాలో కనుక్కుందామని ఆమె సెలవు పెట్టి తిరిగింది. మందుల దుకాణాలను తనిఖీ చేసే ఆఫీసులో, "మందు మంచిదే, బిల్లుంది, మా లెక్కల మీ తప్పు లేదు. బీమావాళ్లు పైసలు కోసుకుంటే మేమేం జేస్తం?" అన్నారు. బీమా కంపెనీలను చూసే ఆఫీసులో, "మాకు కంపెనీ తెలుసు, పాలసీ తీసుకున్నోళ్లు తెలుసు. మీరు రెండిట్ల ఎవరు?" అని అడిగారు. ఆమె రెండింటిలో ఎవరూ కాదు. తిరిగి వచ్చేసరికి జనార్దన్ ఆమె సర్టిఫికెట్ దించి పాత పేపర్లో చుట్టి పెట్టాడు. ఆ మేకుకే ఇంకొకరిది తగిలించాడు. దాని మనిషిని ఆ సందులో ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత దుకాణదారుల సంఘం కాళ్లరిగేలా తిరిగితే రాష్ట్ర సర్కారు ఒక ఉత్తర్వు తెచ్చింది. ఆడిట్‌కు ముందు నోటీసు ఇవ్వాలి. అసలు చీటీ రెండు వైపులా చూడాలి. ఆడిట్‌లో రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండి రిపోర్టు మీద సంతకం పెట్టాలి. పని లేక నాంపల్లి స్టేషను పక్కన ఒంటిగది ఇంట్లో కూర్చున్న సుగుణమణి ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది. తాను కోరుకున్నవే అన్నీ.

కొన్నాళ్లకు భూపాలే ఆ ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఇప్పుడు ఆడిట్‌కు మీ అసొంటి తెలిసినోళ్లే కావాలె."

"ఆనాడు దొంగనంటివి?"

"నేనన్ననా? కాయితం అన్నది."

ఆమెకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అయినా ఒప్పుకుంది. ఆనాటి ఆడిట్ సాయంత్రం కౌంటరుకు అవతల పని తెలిసినవాళ్లు ఒక్కరున్నా తనకు ఆ గతి పట్టేది కాదు.

మొదటి ఆడిట్ మొజంజాహీ మార్కెట్ దగ్గర రాజమల్లు దుకాణంలో. పెద్దాయన తానే ఫార్మసిస్టు, తానే యజమాని. చీటీలు తిప్పితే వెనక వంకర అక్షరాల్లో డాక్టరు పేరు, మార్చిన మందు, సంతకం. సుగుణమణి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కటీ వదలకుండా చూసింది. ఒకచోట తేదీ వేయలేదని చూపిస్తే రాజమల్లు నాలిక కరుచుకున్నాడు. అంతే తప్ప పని నికార్సుగా ఉంది.

"అన్ని సక్కగున్నయి," అంది.

భూపాల్ సంచిలోంచి రిపోర్టు తీశాడు. అప్పటికే టైపు చేసి ఉంది. రాజమల్లు చేసిన మోసం ఎంత శాతమో కూడా ఉంది.

"సూడకముందే రాసిన్రా?"

"నోటీసు ఇచ్చినం. ఫార్మసిస్టును తెచ్చినం. రెండు దిక్కుల సూసినం. రూలుల ఇంకేమన్న మిగిలిందా అక్కా? కింద సంతకం ఒక్కటే."

పెట్టనంది. భూపాల్ కోపం తెచ్చుకోలేదు, సెల్‌ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. కాసేపటికి ఆటోలో ఒకాయన దిగి, చెమట తుడుచుకుంటూ పెన్ను అడిగాడు. ఒక్క చీటీ ముట్టుకోలేదు. సంతకం చేసి, తన ఫార్మసిస్టు రిజిస్టరు నంబరు వేసి, ఆపి ఉంచిన ఆ ఆటోలోనే భూపాల్‌ను ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

నా పేరు దాని కింద లేదు, అనుకుంది సుగుణమణి. ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"సంతకం పెట్టకపోతివి, మంచిదే," అన్నాడు రాజమల్లు. "నీ చేతులు సాఫున్నయి బిడ్డా. నా దుకాణం సంగతేంది?"

ఆమె తెల్ల కాగితం అడిగి తీసుకుంది. చూసినదంతా, మరిచిన తేదీతో సహా, పూసగుచ్చినట్టు రాసి, పేరు పెట్టి ఇచ్చింది. పెద్దాయన దూరంగా పట్టుకుని చివరిదాకా చదివాడు.

"మంచిగ రాసినవ్. గిది ఏ ఆఫీసుల ఇయ్యాలె?"

ఉత్తర్వులో అన్నీ ఉన్నాయి. ఎవరికి చెప్పుకోవాలన్నది ఒక్కటే లేదు. ఈలోగా ఎవరో జ్వరం మాత్రలకు వచ్చారు. రాజమల్లు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని కత్తెర అందుకున్నాడు.