నా బిడ్డ నోరు వాసన చూసిన రోజులు

ఎవరినీ ఊరికే నమ్మే మనిషిని కాను. కూరగాయలు కొన్నా తక్కెడ కిందికి వంగి చూసే రకాన్ని. అలాంటిదాన్ని, ఏడాదిన్నర బిడ్డను పరాయి చేతిలో పెట్టాల్సి వచ్చింది. మా ఆయనది శ్రీరాంపూర్‌లో బాయి పని, అంటే భూమి లోపల బొగ్గు తీసే ఉద్యోగం. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకోకపోతే మళ్లీ దిగలేడు. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు టీచర్ను. సెలవులు అయిపోయాయి. ఇంకా రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని బడివాళ్లు చెప్పేశారు.

ఇద్దరిని చూసి వద్దనుకున్నాను. ఒకామె మనవడు ఫోన్‌లో బొమ్మలు చూస్తూ, మేం వచ్చినా తల తిప్పలేదు. ఇంకొకామె నా బిడ్డ పేరు అడగకముందే పగలు ఎంతసేపు పడుకుంటుందని అడిగింది. కాసేపాగి మళ్లీ అదే అడిగింది. అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

మూడో ఆమె మా వెనక గల్లీలో ఉండే ముసలామె. ఉర్దూలో పిన్ని అన్నట్టు అందరూ ఖాలా అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆమె గోళ్లు చూశాను, నీళ్ల బిందె మీద మూత చూశాను, అగ్గిపెట్టె ఎంత ఎత్తులో ఉందో చూశాను, బాత్రూం గడియ కూడా వేసి తీశాను. ఆమె ఏమీ అనుకోకుండా అన్నీ చూపించింది. ఏమీ అనుకోకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది. కానీ ఇంకెవరూ లేరు.

మొదటి రెండు రోజులు బిడ్డ నా చున్నీ పట్టుకుని గల్లీ అంతా ఏకమయ్యేలా ఏడ్చింది. మూడో రోజు నుంచి చప్పుడు లేదు, ఆమె భుజం మీద అలా వాలిపోయేది. సాయంత్రం నేను పోయేసరికి నిద్రలోనే ఉండేది. ఇంటికి తెచ్చాక కూడా చాలాసేపు మత్తుగా, పెట్టిన ముద్ద బుగ్గలోనే ఉంచుకుని కూర్చునేది.

ఫోన్‌లో మా అవ్వకు, అంటే అమ్మకు చెప్పాను. నాట్లకు పోయే రోజుల్లో మా ఊళ్లో తల్లులు పిల్లలకు చెంచాడు కల్లు తాపి, చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పొలంలోకి దిగేవాళ్లట. నాకూ అలాగే తాపిందట. "నువ్వేం చెడిపోయినవ్?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఖాలా ఇంట్లో కల్లు ఎక్కడిది, కల్లు కాకపోతే ఏ గోలీయో అయి ఉంటుంది అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం గల్లీ మలుపులో స్కూటీ ఆపి బిడ్డ నోరు వాసన చూసేదాన్ని. సోంపు వాసన వచ్చేది. అడిగితే, కడుపు ఉబ్బరానికి సోంపు నీళ్లు తాపానని ఖాలా చెప్పింది. అసలు వాసన తెలియకుండా ఉండడానికే సోంపు అని నేను తేల్చేసుకున్నాను. ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. పొద్దున బిడ్డను అందించగానే దాని మొహానికి మొహం ఆనించి కాసేపు ఉండేది. నా ముందు ప్రేమ నటిస్తోందని ఒళ్లు మండేది.

మూడో వారం ఒకరోజు తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నమే బడి నుంచి వచ్చేశాను. ఖాలా ఇంటి తలుపు తీసే ఉంది. బిడ్డ చాప మీద నిద్రపోతోంది. ఖాలా పక్కనే కూర్చుని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది. దొరికిపోయింది అనుకున్నాను.

"నా బిడ్డకు ఏం తాపుతున్నవ్ ఖాలా?" అని అడిగాను.

ఆమె లేవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"గది నేనడగాలె నిన్ను. నా చేతికిచ్చేటప్పటికే దీని కండ్లు నిలుస్తలేవు. నోట్ల మందు వాసనొస్తది. రోజూ సూస్తనే ఉన్న. ఏం తాపి తెస్తున్నవ్ బేటీ?"

జలుబు మందు. మొదటి వారం ముక్కు కారుతోందని, డాక్టరుకు చూపించకుండా మందుల షాపులో అడిగి తెచ్చిన సీసా. అది పోసిన రోజు బిడ్డ ఏడవలేదు. నాలుగు రోజుల్లో జలుబు తగ్గింది, నేను మాత్రం పోయడం ఆపలేదు. ఛాతీలో ఇంకా ఉందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆ ఏడుపు నేను వినలేకపోయాను. అది విని పోయిన రెండు రోజులూ బడిలో ఒక్క పాఠం సరిగా చెప్పలేదు. పొద్దున మందు పోసిన చేతితోనే సాయంత్రం దాని నోరు తెరిచి ఇంకొకరి తప్పు కోసం వెతికాను.

తల దించుకుని అంతా చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఖాలా నన్ను ఓదార్చలేదు. మత్తులో ఉన్న పిల్లను తాను పెట్టుకోలేనని, జరగరానిది జరిగితే అందరూ తననే అంటారని చెప్పింది. నిజమే, అందరికంటే ముందు నేనే అనేదాన్ని. అప్పటికప్పుడే డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది, తనూ వెంట వచ్చింది. డాక్టరు బిడ్డను చూసి ప్రమాదం లేదన్నాడు, నన్ను మాత్రం గట్టిగా తిట్టాడు. తిరిగి వచ్చాక ఖాలా తన షరతు చెప్పింది.

"రేపు పిల్ల ఏడ్సుకుంట రావాలె. గట్లయితెనే పట్టుకుంట."

మర్నాడు బిడ్డ ఏడ్చుకుంటూనే వచ్చింది. ఖాలా ముందు దాని నోరు వాసన చూసి, తర్వాతే చేతులు చాపింది. నా చున్నీ వదలకపోతే ఒక్కొక్క వేలూ విప్పింది. మలుపు దాటాక కూడా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది. స్కూటీ పక్కకు ఆపి నేనూ ఏడ్చాను, తర్వాత మొహం తుడుచుకుని బడికి పోయాను.

సాయంత్రం పోయేసరికి బిడ్డ వాకిట్లో ఆడుకుంటోంది. నన్ను చూడగానే లేచి, లోపలికి పరుగెత్తి ఖాలా వెనక దాక్కుంది. ఎంత పిలిచినా రాలేదు. వదిలేసి పోయినందుకు దానికి నా మీద కోపం వచ్చింది. ఈ మూడు వారాలూ కోపం తెచ్చుకునేంత మెలకువ కూడా నేను దానికి మిగల్చలేదు.