తెలిసీ కాల్చిన ఆకు

మా ఉద్దానంలో జీడి పిక్క రాలే కాలానికి ముందు తోట ఊడ్చి, ఆకు కాల్చడం ఆనవాయితీ. ఎండుటాకుల్లో పిక్క పడితే కనిపించదు, ఏరేవాళ్ల నడుం విరుగుతుంది. అందుకని మాఘమాసం రాగానే ఊరి చుట్టూ తోటల్లో పొగ లేస్తుంది. నేనూ ఏటా కాల్పించేవాణ్ణి. చెట్ల కింద నేల అద్దంలా లేకపోతే నాకు తోచేది కాదు. ఆ విషయంలో నాది కాస్త చాదస్తం, దానికి తోడు కోపం. నాలుగు ఆకులు మిగిలినా పనివాళ్ల మీద విసుక్కునేవాణ్ణి.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, నేను టెక్కలిలో కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. అడవి తన ఎరువు తానే ఎలా తయారు చేసుకుంటుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. ఆకు రాలుతుంది, పురుగులూ శిలీంధ్రాలూ దాన్ని తిని పొడి చేస్తాయి, అందులోని నత్రజని, భాస్వరం మళ్లీ వేళ్లకు అందుతాయి. ఆకులోని కార్బన్ కొంత గాలిలో కలిసిపోయినా, కొంత నల్లమట్టిగా మారి ఏళ్ల తరబడి నేలలోనే ఉండిపోతుంది. ఒకసారి పిల్లల్ని మహేంద్రగిరి వైపు అడవికి తీసుకెళ్లి, ఆకుల పొరలో మణికట్టు దాకా చేతులు పెట్టించాను. ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి, మా తోటలో ఆకు కుప్పలకు నిప్పు పెట్టించాను. ఈ రెంటికీ సంబంధం ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

మా తోట రెండు ముక్కలు. ఒకటి నాది, ఒకటి మా వదినది. అన్నయ్య పోయాక ఆమె ముక్కను ఆమే చూసుకుంటోంది. నాకు అన్నం పెట్టి చదివించిన మనిషి కనుక ఆమె ముందు నా కోపం చెల్లదు. ఆమె ఆకు కాల్చదు. ఊడ్చిన ఆకునంతా ఒక్కో చెట్టు చుట్టూ, మొదలుకు తగలకుండా గుండ్రంగా పేర్చి, గాలికి ఎగరకుండా పైన ఇసుక చల్లుతుంది. పిక్క ఏరడానికి మిగతా నేల ఖాళీగానే ఉంటుంది. పని మాత్రం రెట్టింపు.

"ఈ గోల నీకెందుకు వదినా, అగ్గిపుల్ల గీత్తే పోతాది కదా" అని ఏటా ఎకసెక్కం చేసేవాణ్ణి.

"నా ఓపిక నాది. నువ్వెల్లు" అనేది.

ఓ ఏడు వచ్చిన పెద్ద తుఫానుకు రెండు ముక్కల్లోనూ సగం చెట్లు కూలిపోయాయి. ఆ ఖాళీల్లో ఇద్దరం పలాస నుంచి మొక్కలు తెచ్చి నాటాం. నావి మొదటి ఎండాకాలంలోనే ఎండిపోయాయి. మళ్లీ నాటాను. ఈసారి కూడా పోతే, నాన్న వేసిన ఆ తోటను అమ్మేద్దామని తీర్మానించుకున్నాను. ఎన్ని నీళ్లు పోసినా ఇసుక తాగేసేది. వైశాఖంలో ఓ ఉదయం వెళ్లి చూస్తే చిగుళ్లన్నీ వాలిపోయి ఉన్నాయి. గట్టు అవతల వదిన మొక్కలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఒకే ఇసుక, ఒకే బావి. నాకు దుఃఖం వచ్చింది, అబద్ధమెందుకు, కుళ్లు కూడా వచ్చింది.

"ఏటేసినావు వదినా ఈటికి?" అని అడిగాను.

ఆమె ఓ మొక్క దగ్గర ఆకు పొర పక్కకు తీసి, గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టింది. నల్లగా, చల్లగా ఉంది. చివికిన ఆకులను అల్లుకుని సన్నటి తెల్ల దారాలున్నాయి.

"ఈ దారాలేటి మరిదీ? నీకు తెలుస్తాది కదా."

చెప్పాను. అవి శిలీంధ్రాలని, ఆకును చివికించి అందులోని బలాన్ని వేళ్లకు అందేలా చేస్తాయని, ఈ నల్లమట్టే ఇసుకలో తడిని పట్టి ఉంచుతోందని, కాల్చేస్తే నత్రజనీ కార్బనూ చాలావరకు పొగలో పోతాయని, మిగిలిన బూడిదను వాన కొట్టుకుపోతుందని. నా విద్యార్థులెవరూ అంత శ్రద్ధగా వినలేదు.

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ కాల్సినావా?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆ ఏడు నా ముక్కలో ఆకు అప్పటికే బూడిదైపోయింది, కప్పడానికి ఏమీ లేదు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి నా మొక్కలన్నిటి చుట్టూ ఆకు పేర్చి, ఇసుక చల్లి ఉంది. ఎవరు చేశారో అడగక్కర్లేదు. అన్నీ కాదు గానీ చాలావరకు నిలబడ్డాయి. తొలకరికి ఎర్రటి చిగుళ్లు వేశాయి. తోట అమ్మే మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

వానలు పట్టాక, ఆమెకు కృతజ్ఞతగా ఓ మాట చెప్పుకుందామని గట్టు దాటి వెళ్లాను. చివరి వరసలో కొన్ని మొక్కల చుట్టూ నేల బోసిగా ఉంది. వాటిలో రెండు ఎండి పుల్లలైపోయాయి.

"ఇవేటయినాయి వదినా?"

"రెండు ముక్కలకీ ఆకు సరిపోనేదు మరిదీ" అంది, గడ్డి పీకుతూనే.

నేనూ పక్కన కూర్చుని గడ్డి పీకాను. ఆ వారమే రెండు మొక్కలు తెచ్చి, ఆ గుంతల్లోనే నా చేత్తో నాటాను. మాఘం వచ్చాక నా తోటలో ఊడ్చిన మొదటి తట్ట ఆకు వాటికే వేశాను.