ఎడారి వెతుక్కుంటూ మక్తల్‌కు

నేను అనువదించిన ఎడారి పుస్తకానికి ముందుమాట మర్నాడే ప్రెస్‌కు పంపాలి. వందేళ్ల కిందటి తెల్లదొర ఒకడు ఏడాదిపాటు ఇసుకలో తిరిగి రాసిన పుస్తకమది. మనిషి జాడే లేని నేల అని పేజీకోసారి మురిసిపోతాడు. మనవైపు ఎండునేల మీద కూర్చుని చదివితే తప్ప నాకు ముందుమాట కుదిరేలా లేదు. జూన్ ఎండలో, బుద్ధి గడ్డి తిని, మక్తల్ వైపయితే నేల మరీ బోడిగా ఉంటుందని పొద్దున అయిదున్నరకు నల్లగొండలో బస్సెక్కాను.

దేవరకొండలో మారాలి. ఆ బస్సు గంట ఆలస్యం. వచ్చాక మహబూబ్‌నగర్ దాకా నిలబడే ప్రయాణం. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని పుస్తకం తెరిస్తే పక్కనున్న ముసలాయన తొంగిచూశాడు.

"ఏం పుస్తకం సారూ?"

"ఎడారి గురించి."

"గీ ఎండ సాలదా, పుస్తకంల గూడ ఎండేనా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మహబూబ్‌నగర్ బస్టాండులో చల్లారిన ఇడ్లీ తిని, ఇంకో బస్సు పట్టుకుని మక్తల్‌లో దిగేసరికి రెండు దాటింది. ఆటో అతను ఊరి బయట దింపేసి వెళ్లిపోయాడు. ఎదురుగా బోడి నేల. గడ్డిపోచ లేదు, మనిషి లేడు. దొర చెప్పింది ఇదే కదా అని సంబరపడి మధ్యదాకా నడిచాను. తువ్వాల పరుచుకుని పైకి చదవడం మొదలుపెట్టాను. అర పేజీ కూడా కాలేదు.

"ఓ సారూ! లేయ్! కండ్లు కనవడ్తలేవా? పత్తిగింజలు పెట్టి నాలుగు దినాలాయె, గా గింజల మీదనే కూసుంటివి!"

గట్టు మీంచి ఒకామె పరుగున వస్తోంది. వాన పడకముందే పొడిదుక్కిలో విత్తనం పెట్టి మొగులుకేసి చూస్తుంటారని నాకు తెలియదా? మా జిల్లాలోనూ అదే పద్ధతి. అయినా తొక్కుకుంటూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నా మొహం చూసి ఆమెకే జాలేసినట్టుంది. "జర నీడకు రా" అని వేపచెట్టు కింద కూర్చోబెట్టి చెంబెడు నీళ్లిచ్చింది. ఏం చదువుతున్నావని అడిగితే, మనిషే లేనిచోట ఏడాది తిరిగిన దొర కథ అన్నాను.

"మనిషి లేకుంటే గాయనకు నీళ్లెవరు పోసిండ్రు?"

చెంబు ఆమె చేతికిచ్చి లేచాను.

తిరుగు బస్సులో పుస్తకమంతా తిరగేశాను. రెండేళ్లు కూర్చుని అనువదించాను గానీ ఈ సంగతి పట్టించుకుంటే ఒట్టు. ఒంటెను తోలుతూ, బావులు చూపిస్తూ, తోలుసంచిలో నీళ్లు నింపుతూ దొర వెంట ఏడాదంతా ఒక మనిషి ఉన్నాడు. ఇసుక రంగులకే పదకొండు పేర్లు పెట్టిన దొర, అతని పేరు ఒక్కచోటా రాయలేదు. ఛీ, ఏం మనిషివయ్యా అని పైకే తిట్టాను. ముందుమాట ఇక్కణ్ణుంచే మొదలుపెడదామని కాగితం తీసి, మక్తల్ దగ్గర పత్తిచేనులో నాకు నీళ్లిచ్చిన, అని రాసి ఆగిపోయాను. ఆమె పేరు నేనూ అడగలేదు.