ప్లీడరు గారి వరండాలో వీరదుర్గ

చేపలమ్ముకునే వీరదుర్గ, పక్కింటివాళ్లు మూసేసిన పెరటి దారి కోసం కేసు వేసి తొమ్మిదేళ్లయింది. పాపం, ప్లీడరు గోపాలకృష్ణమూర్తి గారి తప్పేం లేదు. వెళ్లినప్పుడల్లా కొత్త వాయిదా తేదీ తెచ్చిపెట్టారు.

ఆయన వరండాలో కూర్చుని కూర్చుని ఆవిడకు ప్లీడరీ వంటబట్టింది. గట్టు తగువులతో వచ్చినవాళ్లను బెంచీ మీదే ఆపేది.

"సర్వేయరు చేత కొలిపించుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. దీనికి కోర్టెందుకండీ?"

సగంమంది లోపలికి వెళ్లకుండానే రాజీపడి, వారం తిరక్కుండా అరటిగెలతో వచ్చి దణ్ణం పెట్టేవారు.

నిన్న అలా వచ్చినాయన అడిగాడు. "మరి మీ దారి సంగతి ఇంకా తేలలేదేంటండి?"

వీరదుర్గ వాయిదా కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

"దానికి ప్లీడర్ని పెట్టుకున్నానండి."